దీర్ఘ చతురస్రానికి కర్ణం సౌష్ఠవ రేఖ ఎందుకు కాదు? సమఘనానికి 9 తలాలు ఎలా?

గీతల_గందరగోళం:
పిల్లకి సౌష్ఠవం చెప్తూ నేనే ఇరుక్కుపోయాను. దీర్ఘ చతురస్రాన్ని కర్ణం వెంట కత్తిరిస్తే రెండు ముక్కలూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయి, అయినా పుస్తకంలో సౌష్ఠవ రేఖలు రెండే అని ఉంది. కర్ణాలు ఏం పాపం చేశాయండీ? రెండోది, సమఘనానికి సౌష్ఠవ తలాలు (అద్దంలో బొమ్మల్లాంటి రెండు సగాలు చేసే కోతలు) 9 అట, ఎటు తిప్పి చూసినా నాకు మూడే కనిపిస్తున్నాయి.

కోణమాని:
కత్తిరించకండి, మడవండి. ముక్కని కత్తిరించి రెండోదాని మీద పెట్టేటప్పుడు మీకు తెలియకుండానే 180 డిగ్రీలు తిప్పేస్తున్నారు. సౌష్ఠవ రేఖ దగ్గర ఆ వెసులుబాటు లేదు, మడతపెట్టగానే ఇటు పక్క మూల వెళ్లి అటు పక్క మూల మీదే పడాలి. 6 సెం.మీ., 4 సెం.మీ. కాగితాన్ని కర్ణం వెంట మడిచి చూడండి, మూల పక్కకి పొడుచుకొచ్చి ఐదు భుజాల ఆకారం వస్తుంది. చతురస్రమైతే చక్కగా పడుతుంది, అందుకే దానికి కర్ణాలతో కలిపి 4 రేఖలు. ముక్కలు సర్వసమానం అవడం వేరు, ప్రతిబింబాలు అవడం వేరు. మామూలు సమాంతర చతుర్భుజానికైతే ఒక్క సౌష్ఠవ రేఖ కూడా లేదు, కానీ సగం చుట్టు తిప్పితే మళ్లీ అలాగే ఉంటుంది.

ఘనపాఠి:
మీకు కనిపించిన మూడూ ముఖాలకి సమాంతరంగా ఉన్నవి. మిగతా 6 తలాలూ అంచుల గుండా పోతాయి. పై ముఖం మీద కర్ణం గీసి, కత్తిని అక్కడి నుంచి నిటారుగా కిందకి దించితే రెండు ఎదురెదురు అంచులు ఆ తలంలోకి వస్తాయి. ఎదురు ముఖాల జతలు 3, జతకి ఇలాంటి కోతలు 2.

మూడు కొలతలూ వేరైన దీర్ఘఘనానికి 3 తలాలే. ఒక జత ముఖాలు మాత్రం చతురస్రాలైతే 5. సమఘనానికి 9. స్థూపం, శంకువులకి అక్షం గుండా పోయే ఏ తలమైనా సరే, లెక్కే లేదు; స్థూపానికి నడుం దగ్గర అడ్డంగా ఇంకొకటి అదనం.

గీతల_గందరగోళం:
ఆ 5 దగ్గర బల్బు వెలిగింది, థాంక్సండీ. మరి సమఘనంలో ఒక మూల నుంచి పూర్తిగా ఎదురు మూలకి గీత ఊహించి, దానికి అడ్డంగా సరిగ్గా మధ్యలో కోస్తే? అవీ సగాలే కదా, 10 అవ్వాలి.

కోణమాని:
ఇది మీ మొదటి ప్రశ్నే, ఈసారి 3డీలో వచ్చింది. సగాలే వస్తాయి, కోసిన చోట క్రమ షడ్భుజి కూడా వస్తుంది, చూడముచ్చటగా ఉంటుంది. కానీ ప్రతిబింబం కుదరదు. సమఘనాన్ని ఒక మూల మీద నిలబెట్టండి. పై కొనకి కింది కొన సరిపోతుంది, అందులో పేచీ లేదు. మిగతా 6 మూలల్లో 3 కోతకి పైన, 3 కింద, దూరాలూ సమానమే, కానీ పై మూడింటికి సరిగ్గా కింద ఏ మూలా ఉండదు, కింది మూడూ 60 డిగ్రీలు పక్కకి జరిగి ఉంటాయి. కాబట్టి 9 దాటదు.

ఆ కోత అద్దంగా పనికిరాకపోయినా, మూల నుంచి మూలకి ఊహించిన గీత తిప్పడానికి మాత్రం భేషుగ్గా పనికొస్తుంది. రెండు కొనలూ పట్టుకుని 120 డిగ్రీలు తిప్పితే సమఘనం కదిలినట్టే తెలీదు. అలాంటి అక్షాలు 4. ఎదురు ముఖాల మధ్యల్ని కలిపేవి 3, వాటి మీద 90 డిగ్రీలకోసారి. ఎదురు అంచుల మధ్యల్ని కలిపేవి 6, వాటి మీద 180కి.

ఘనపాఠి:
అక్షాలు గుర్తులేకపోయినా ఎన్ని రకాలుగా తిప్పి పెట్టొచ్చో చెప్పేయొచ్చు. పైకి 6 ముఖాల్లో ఏదైనా రావచ్చు, అది పైన ఉండగా 4 తీరులు, మొత్తం 24. అక్షాల వైపు నుంచి, అంటే అక్షాల సంఖ్యని ఒక్కో అక్షం మీద పూర్తి చుట్టు కాకముందు కుదిరే తిప్పుళ్లతో గుణించి వచ్చినా అంతే: 3×3, 4×2, 6×1, అసలు కదపకుండా వదిలేయడం 1.