మోరీయా కొండ కథ చిన్నపిల్లలకు చెప్పాలా, వద్దా?

ఉలవపాడు టీచరమ్మ:
అందరికీ వందనాలు. ఈ వేసవి వి.బి.ఎస్.కు (పిల్లల సెలవుల బైబిలు తరగతులకు) మా సంఘం విశ్వాసుల జాబితా ఉన్న హెబ్రీయులకు రాసిన పత్రిక 11వ అధ్యాయం తీసుకుంది. హేబెలు, హనోకు, నోవహు వరకు చిక్కు లేదు. అబ్రాహాము దగ్గర ఆగిపోయాను. కొడుకు ఇస్సాకును మోరీయా కొండ మీద బలి ఇమ్మని దేవుడు ఆయన్ను పరీక్షించాడు, చివరి క్షణంలో దూత ఆపితే పొదలో చిక్కిన పొట్టేలును బలి ఇచ్చాడు. కిందటి వేసవిలో ఇస్సాకును బలిపీఠం మీద పడుకోబెట్టిన ఘట్టం చెబుతుంటే ఒక చిన్నది లేచి, "దేవుడు చెబితే మా నాన్న కూడా నన్ను అలాగే చేస్తాడా?" అని అడిగింది. ఆ రాత్రి పిల్ల నిద్రపోలేదని మర్నాడు వాళ్లమ్మ నాతో గొడవపడింది. సంఘ పెద్దలేమో, ఈ కథ వదిలేసి విశ్వాసం గురించి ఇంకేం చెబుతావమ్మా అంటున్నారు. ఆరు నుంచి పదేళ్ల లోపు పిల్లలు. మీరైతే ఏం చేస్తారు?

ఒంగోలు మాస్టారు:
తప్పకుండా చెప్పాలి. తప్పంతా బొమ్మల్లో ఉంది. ఇస్సాకును పసివాడిలా గీస్తారు. దహనబలి కట్టెలు కొండపైకి మోసినవాడు పసివాడా? తల్లి శారా అతణ్ని తొంభయ్యో ఏట కన్నది, 127 ఏళ్లకు చనిపోయింది. ఆమె మరణం ఆదికాండము 23వ అధ్యాయంలో, ఈ సంఘటన తర్వాత వస్తుంది. కాబట్టి ఇస్సాకుకు 37 ఏళ్ల వరకు ఉండవచ్చు. యూదు చరిత్రకారుడు జోసీఫస్ 25 అని రాశాడు. నూరు దాటిన ముసలాయన కట్టేస్తుంటే, విదిలించుకుని పోగలిగి కూడా పడుకున్నాడు. తండ్రి విశ్వాసంతో పాటు కొడుకు విధేయత కూడా చెప్పండి. భయం దానంతటదే పోతుంది.

కందుకూరు రైతు:
మాస్టారూ, వయసు సంగతి అలా ఉంచండి. ఆదికాండము 18లో ఇదే అబ్రాహాము, దేవుడు నాశనం చేయబోయిన సొదొమ ఊరి కోసం ఆయనతో బేరమాడాడు. యాభై మంది నీతిమంతులుంటే అని మొదలుపెట్టి పది దాకా దించాడు. అక్కడ తన సహోదరుడి కొడుకు లోతు ఉన్నాడు కాబట్టి అడిగాడనకండి, ఊరంతటినీ విడిచిపెట్టమన్నాడు. అంత నోరున్నవాడు సొంత కొడుకు దగ్గరికి వచ్చేసరికి తెల్లవారుజామున లేచి గాడిదకు గంత కట్టాడు. ఒక్క మాట అడగలేదు. శారాకు చెప్పినట్టు కూడా ఎక్కడా లేదు. పిల్లలకు సొదొమ బేరం చెప్పండమ్మా. అలా ఎదురు నిలిచి అడిగినవాణ్నే దేవుడు స్నేహితుడన్నాడు.

బిట్రగుంట సోదరుడు:
ఆమేన్. వాక్యం ఉన్నది ఉన్నట్టు చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
22వ అధ్యాయం 5వ వచనం చూడండి. పనివాళ్లతో, మేమిద్దరం మొక్కి తిరిగి వస్తామన్నాడు. "మేము" అన్నాడు. మృతులను కూడా దేవుడు లేపగలడని ఎంచాడని హెబ్రీ పత్రిక చెబుతోంది. అడగలేదంటే నమ్మాడు కాబట్టి అడగలేదు. కొడుకు ఎదిగిన మనిషి అని ఒప్పుకుంటే మీ అభ్యంతరం సగం పోతుంది. దానికి మీరు జవాబు చెప్పలేదు.

కందుకూరు రైతు:
చెబుతాను. మా నాన్న సువార్తికుడు. పల్లెల్లో కానుకలు తీసుకోకుండా తిరిగాడు, ఆ విషయంలో ఆయనకు ఎవరూ వంక పెట్టలేరు. మందిరానికి రేకుల షెడ్డు వేయాలని ఉన్న పొలం అమ్మేశాడు. మా అమ్మ అడ్డుపడితే, "శారాను అడిగి వెళ్లాడా అబ్రాహాము?" అన్నాడు. మా అక్క నర్సింగు రెండో సంవత్సరం ఫీజు కట్టలేక ఇంటికి వచ్చేసింది. అప్పుడు అక్క ఎదిగిన మనిషే మాస్టారూ. విదిలించుకుని ఎక్కడికి పోతుంది? అబ్రాహాముకైతే పొదలో పొట్టేలు కనిపించింది. మాకు ఎవరూ కనిపించలేదు. సంఘం మాత్రం అల్లెలూయ అంది.

ఒంగోలు మాస్టారు:
మీ నాన్నగారి మీద కోపం అబ్రాహాము మీద తీర్చుకుంటున్నారు. పిల్లలకు ఇబ్బంది కలుగుతుందని వెనకాడి ఉంటే మన జిల్లాలో ఈ విశ్వాసం ఉండేదా? కరువులో కూటి కోసం చేరారన్న మాట రాకూడదని అమెరికా బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బాప్తిస్మాలు ఆపేశాడు. చివరికి 1878 జూలై 3న ఒక్కరోజే 2,222 మంది గుండ్లకమ్మ నదిలో మునిగి బాప్తిస్మం తీసుకున్నారు. ఆదివారం పనికి రామన్నందుకు ఊరి పెద్దల చేత బాధలు పడ్డవాళ్లున్నారు. వాళ్ల పిల్లలు పస్తులుండలేదా? ఆ పస్తుల మీదే మనం నిలబడ్డాం.

కందుకూరు రైతు:
వాళ్ల పిల్లలు బడికి వెళ్లారు మాస్టారూ. తాతలు వేలిముద్ర వేస్తే మనవలు టీచర్లయ్యారు, మీరూ అయ్యారు. మా అక్క చదువు మానేసింది. రెండూ ఒకటే అంటారా?

కావలి సోదరి:
ఇద్దరూ కొండ దిగండి. 22వ అధ్యాయం 19వ వచనంలో అబ్రాహాము పనివాళ్ల దగ్గరికి తిరిగి వచ్చాడని ఉంది, ఇస్సాకు పేరు లేదు. ఆ తర్వాత తండ్రీకొడుకులు మాట్లాడుకున్నట్టు ఒక్క వాక్యం కూడా రాసి లేదు. ఇస్సాకు మళ్లీ కనిపించేది 24వ అధ్యాయం చివర, బెయేర్ లహాయిరోయి అనే బావి దగ్గర నుంచి వస్తూ. ఆ బావి ఎవరిది? హాగరుది. శారా పెట్టిన శ్రమకు పారిపోయిన ఆ ఐగుప్తు దాసి, నన్ను చూస్తున్న దేవుడివని ఆయనకు పేరు పెట్టిన చోటు. తర్వాత ఇస్సాకు అక్కడే కాపురమున్నాడు. తండ్రి చనిపోతే, హాగరుకు అబ్రాహాము వల్ల పుట్టిన ఇష్మాయేలూ ఇస్సాకూ కలిసి మక్పేలా గుహలో పాతిపెట్టారు. హెబ్రీ పత్రిక విశ్వాసుల జాబితాలో యెరికో వేశ్య రాహాబు కూడా ఉంది కానీ హాగరు లేదు. మన సండే స్కూల్లోనూ లేదు. నన్ను అత్తింటివారు గెంటేసినప్పుడు మాత్రం సంఘ పెద్దలకు ఆమె గుర్తొచ్చింది. "తిరిగి వెళ్లి అణిగి ఉండు" అన్న 16వ అధ్యాయం చదివి పంపించారు.

బిట్రగుంట సోదరుడు:
సిస్టర్, ఇక్కడ కుటుంబ విషయాలు వద్దు.

కావలి సోదరి:
ఆదికాండము నిండా ఉన్నవి కుటుంబ విషయాలే బ్రదర్.

ఒంగోలు మాస్టారు:
నేను ఎందుకు పట్టుబడుతున్నానో చెబుతాను. నా కొడుకును చిన్నప్పుడు ఏదైనా అడగనిచ్చాను. నోవహు తాగి పడిపోవడం ఏమిటి, యాకోబు తండ్రిని మోసం చేసి దీవెన తీసుకోవడం ఏమిటి అని అడిగేవాడు, నేను మురిసిపోయేవాణ్ని. ఇప్పుడు బెంగళూరులో ఉంటున్నాడు, క్రిస్మస్‌కు కూడా గుడి మెట్లెక్కడు. విధేయత ముందు నేర్పాలి. ప్రశ్నలు తర్వాత.

కందుకూరు రైతు:
మా ఇంట్లో ఎవరినీ అడగనివ్వలేదు. నేనూ వెళ్లను. మీ అబ్బాయి ప్రశ్నల వల్లే దూరమయ్యాడని మీకు చెప్పాడా, మీరే అనుకున్నారా?

ఒంగోలు మాస్టారు:
అది మీకు అనవసరం.

ఉలవపాడు టీచరమ్మ:
పెద్దవాళ్లు పోట్లాడుకున్నది చాలు, సోమవారం నాకు క్లాసుంది. కొండెక్కుతూ ఇస్సాకు, నిప్పూ కట్టెలూ ఉన్నాయి, గొర్రెపిల్ల ఏది అని అడిగాడు. తండ్రి కసురుకోలేదు, దేవుడే చూసుకుంటాడని జవాబిచ్చాడు. క్లాసులో కాస్త పెద్దపిల్లలకు ఇక్కడి నుంచి మొదలుపెట్టి మొత్తం చెబుతాను. పసిపిల్లలను తన కోసం కాల్చడం తన మనసుకే తోచలేదని యిర్మీయా 7లో దేవుడన్న మాట కూడా చెబుతాను. చిన్నవాళ్లకు హాగరు బావి కథ. పెద్దలు కాదంటే ఆ గంట వాళ్లనే తీసుకోమంటాను.

ఒంగోలు మాస్టారు:
హాగరు కథ చెబితే 16వ అధ్యాయం వదలకండి. దూత ఆమెను తిరిగి వెళ్లమన్నాడు.

కావలి సోదరి:
చదవమనండి. 21 కూడా చదవమనండి. అక్కడ హాగరుకు రొట్టె, నీళ్ల తిత్తి చేతికిచ్చి పంపేసింది అబ్రాహామే. అప్పుడు తిరిగి వెళ్లమని ఏ దూతా చెప్పలేదు.