మోకాలి నొప్పికి ఎముక సాంద్రత తగ్గడమే కారణమా?

తంగేడు:
మా ఇంట్లో ఈమధ్య ఇదే వాదన. అమ్మకు 64 ఏళ్ళు. రెండు మోకాళ్ళూ నొప్పే, కుడిది మరీ ఎక్కువ. ఎక్స్‌రేలో ఆర్థరైటిస్ (కీలు అరుగుదల) అని తేలింది. ఎముక సాంద్రతను కొలిచే డెక్సా స్కాన్ కూడా తీయించాం. తుంటి దగ్గర టి-స్కోరు (పడుచువాళ్ళ సగటు సాంద్రతతో పోల్చి ఇచ్చే అంకె) -0.6 వచ్చింది, ఎముక బాగానే ఉందన్నారు డాక్టరు. మరి ఎముక అంత బాగుంటే, మెట్లు దిగేటప్పుడు రెయిలింగు పట్టుకుని ప్రతి మెట్టు మీదా రెండు కాళ్ళూ ఆనించి దిగాల్సిన అవస్థ ఎందుకు? "ఎముక బలపడితే నొప్పి దానంతటదే పోతుంది, కాల్షియం ఆపొద్దు" అంటుంది అక్క. నాకు ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. సాంద్రతకూ నొప్పికీ నిజంగా సంబంధం ఉందా?

గోరింట:
మీ అక్కగారు చెప్పిందే నిజమండీ. నెలసరి ఆగిపోయాక ఆడవాళ్ళకు ఎముక పలచబడుతుంది. ఒంటి బరువంతా మోసేది మోకాలు కాబట్టి ముందు అక్కడే బయటపడుతుంది. నాకు విటమిన్ డి బాగా తక్కువని తేలింది, మందు వాడాక నడక తేలికయింది. మీ అమ్మగారి స్కోరుకు ముందు మైనస్ ఉందంటేనే వయసులో ఉన్నప్పటి కంటే తగ్గిందని కదా?

పాలపిట్ట:
గోరింట గారూ, టి-స్కోరు -1, ఆ పైన ఎంత ఉన్నా మామూలు కిందే లెక్క. -2.5కు గానీ అంతకంటే కిందికి గానీ పోతేనే ఎముకలు గుల్లబారాయంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో పెట్టిన హద్దు అది. మైనస్ చూడగానే కంగారు పడక్కర్లేదు.

సంబంధం ఉన్న మాట నిజమే గానీ, అది మీరనుకున్న దానికి ఎదురు దిశలో ఉంది. తుంటి విరిగి వచ్చినవాళ్ళనూ తుంటి కీలు అరిగి వచ్చినవాళ్ళనూ ఫాస్, బైయర్స్ అనే ఇద్దరు 1972లో పోల్చి చూశారు. కీలు అరిగినవాళ్ళ ఎముకే ఎక్కువ చిక్కగా ఉంది. తర్వాత అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ అధ్యయనంలోనూ, నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్ అధ్యయనంలోనూ మోకాలి ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళ సాంద్రత లేనివాళ్ళకంటే సగటున కాస్త ఎక్కువే కనబడింది. బరువు ఇందులో ఒక కారణం. ఒంటి బరువు ఎక్కువైతే ఎముకా చిక్కబడుతుంది, మోకాలూ నలుగుతుంది. కాబట్టి అమ్మగారి స్కాన్ బాగుండటంలో వింతేమీ లేదు.

విటమిన్ డి సంగతికొస్తే, దాన్ని రెండేళ్ళ పాటు ఇచ్చి చూసిన ట్రయల్స్ ఉన్నాయి. 2013లో వచ్చినదానిలో 146 మంది, 2016లో వచ్చినదానిలో 413 మంది. రెండో ట్రయల్‌లో విటమిన్ డి తక్కువున్నవాళ్ళనే తీసుకున్నారు. రెండింట్లోనూ మోకాలి నొప్పి ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్ళలో తగ్గినదాని కంటే చెప్పుకోదగ్గంతగా తగ్గలేదు. మీకు తేలికయిందంటే సంతోషమే. కానీ మోకాలి నొప్పి ఏ మందూ లేకుండానే కొన్ని నెలలు పెరుగుతుంది, కొన్ని నెలలు తగ్గుతుంది.

సెలయేరు:
పాలపిట్ట గారు చెప్పిన లెక్కలతో నాకు పేచీ లేదు. కానీ గోరింట గారికి జవాబు చెప్పే ఊపులో ఎముకనే పక్కకు నెట్టేస్తున్నారు. అక్కడ మాత్రం నేను ఒప్పుకోను.

మోకాలి గుజ్జులో నరాలు ఉండవు. అది ఎంత అరిగినా దానికి నొప్పి తెలియదు. నొప్పి తెలిసేవి దాని చుట్టూ ఉన్నవి: కీలు లోపలి పొర, కీలు సంచి, ఎముక పైపొర, అన్నిటికంటే ముఖ్యంగా గుజ్జుకు సరిగ్గా కిందున్న ఎముక. ఆ ఎముకలోకి నరాలూ రక్తనాళాలూ వెళ్తాయి.

2001లో ఒక పరిశోధన వచ్చింది. అందులో అందరికీ ఎక్స్‌రేలో మోకాలి ఆర్థరైటిస్ ఉంది. కొందరికి నొప్పి ఉంది, కొందరికి లేదు. ఎంఆర్‌ఐ తీస్తే, గుజ్జు కింద ఎముక మూలుగలో తెల్లటి మబ్బు మచ్చల్లాంటివి నొప్పి ఉన్నవాళ్ళలో 77.5 శాతం మందికి కనిపించాయి, నొప్పి లేనివాళ్ళలో 30 శాతం మందికి. పెద్ద మచ్చలనే లెక్కేస్తే తేడా ఇంకా ఎక్కువ: దాదాపు 36 శాతం, 2 శాతం. తర్వాతి అధ్యయనాల్లో ఈ మచ్చలు పెరిగినప్పుడు నొప్పి పెరగడం, చిన్నవైనప్పుడు తగ్గడం కూడా చూశారు.

ఇక డెక్సా స్కాన్ చూసేది తుంటినీ నడుమునూ. మోకాలిని చూడదు. ఆ అంకెను పట్టుకుని మోకాలి లోపల ఏం జరుగుతోందో చెప్పడమంటే, మండలం సగటు వాన చూసి మన పొలంలో పదునెంతో చెప్పినట్టే. పైగా వెన్నెముకకూ అరుగుదల ఉంటే అక్కడ పెరిగిన ఎముక బుడిపెలు కూడా లెక్కలో కలిసిపోయి, నడుము దగ్గరి స్కోరు ఉన్నదానికంటే మెరుగ్గా కనబడుతుంది.

ఇంకో సంగతి. అమ్మగారి ఎక్స్‌రేను వెలుతురుకు పట్టి చూడండి. మోకాలి లోపలి వైపు, కీలు సందు ఇరుకైన చోట, ఎముక అంచు వెంబడి తెల్లటి పట్టీ ఒకటి ఉండొచ్చు. చూడటానికి ఎముక గట్టిపడినట్టే ఉంటుంది. నిజానికి అక్కడ ఎముక పాతది పోయి కొత్తది రావడం మరీ వేగంగా జరుగుతుంటుంది. పోగైన ఎముక ఎక్కువే, కానీ అందులో ఖనిజం సరిగ్గా నిండదు. చిక్కగా కనిపించే ఆ పట్టీని మంచి ఎముక అనుకోకూడదు. ఎలుకల్లో చేసిన పనిలో, ఎముకను కొరికే కణాలే నరాలను అక్కడికి పెరిగేలా చేస్తున్నాయని 2019లో తేలింది. అందుకే నొప్పికీ ఎముకకూ సంబంధం లేదన్న మాట నాకు మింగుడు పడదు.

పాలపిట్ట:
సంబంధం లేదని నేననలేదు. సాంద్రత అంకెతో నొప్పిని అంచనా వేయలేమన్నాను. మీరు చెప్పినదే సరైతే, ఎముక తరిగిపోవడాన్ని ఆపే మందులు మోకాలి నొప్పిని తగ్గించాలి కదా? రైసెడ్రోనేట్‌ను రెండేళ్ళ పాటు దాదాపు 2,500 మందికి ఇచ్చి చూశారు. 2006లో ఫలితాలు వచ్చాయి, నొప్పిలో తేడా లేదు. జోలెడ్రోనిక్ యాసిడ్ ఇంజెక్షన్‌తో 2012లో ఒక చిన్న ట్రయల్ ఆశ పుట్టించింది. ఆరు నెలలకు నొప్పీ తగ్గింది, మచ్చలూ తగ్గాయి. అందరూ సంబరపడ్డారు. దాన్నే 223 మందితో, అదీ మూలుగ మచ్చలున్నవాళ్ళనే ఎంచుకుని, రెండేళ్ళు చేస్తే 2020లో వచ్చిన జవాబు: నొప్పి తగ్గలేదు, గుజ్జు నిలవలేదు. రోగికి పనికొచ్చే మాట అదే అని నా అభిప్రాయం.

సెలయేరు:
ఆ 2020 ట్రయల్‌లో మచ్చలు కూడా తగ్గలేదండీ. మచ్చ తగ్గి నొప్పి మిగిలిపోతే ఎముక వాదం ఓడినట్టు. మచ్చే తగ్గకపోతే ఓడింది ఆ మందు. ఈ తేడా చిన్నది కాదు. దాన్ని వదిలేస్తే వెతకాల్సిన చోట వెతకడం మానేస్తాం. మోకాలి నొప్పితో ఏళ్ళ తరబడి బతుకుతున్నవాళ్ళకు సరైన మందు ఇంకా దొరకలేదు కాబట్టే నేనింత పట్టుబడుతున్నాను.

పాలపిట్ట:
ఆ తేడా ఉంది, సరే. కానీ నొప్పి లేని 30 శాతం మందికీ మచ్చలున్నాయని మీరే రాశారు. కీలు పొర వాపు, ఏళ్ళ నొప్పికి నరాలే అతిగా స్పందించడం, నిద్ర లేకపోవడం, ఇవన్నీ కలిస్తేనే నొప్పి. ఎముక ఒక్కదాని మీదే బరువంతా మోపకండి.

గోరింట:
మీరిద్దరూ లావుగా ఉన్నవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. సన్నగా, ఎముక నిజంగానే పలచబడిపోయి, మోకాలు నొప్పి పుట్టే ఆడవాళ్ళు లేరా? వాళ్ళకూ సాంద్రతతో పని లేదంటారా?

మధుమాలతి:
ఉన్నారండీ. నేను ఫిజియోథెరపిస్టును. గోరింట గారు అడిగింది అసలు మరిచిపోకూడని ప్రశ్న. సాంద్రత తక్కువున్నవాళ్ళలో, దెబ్బేమీ తగలకుండానే, గుజ్జు కింద ఎముకలో సన్నటి పగులు రావచ్చు. ఆ నొప్పి వచ్చే తీరే వేరు. ఆర్థరైటిస్ నొప్పి ఎప్పుడు మొదలైందంటే చాలామంది తడుముకుంటారు. ఈ పగులు వచ్చినవాళ్ళు ఫలానా రోజు, ఫలానా పని చేస్తుండగా అని చెప్పేస్తారు. ఎక్కడ నొప్పి అంటే అరచేతితో మోకాలంతా తడమరు, ఒక్క వేలితో లోపలి వైపు ఒక చోట నొక్కి చూపిస్తారు. రాత్రిళ్ళు పడుకున్నా నొప్పే. మొదట్లో ఎక్స్‌రేలో ఏమీ కనబడకపోవచ్చు, ఎంఆర్‌ఐలోనే దొరుకుతుంది. దీన్ని మామూలు అరుగుదలే అనుకుని నడిపిస్తూ పోతే ఎముక కుంగిపోయే ప్రమాదం ఉంది. అందుకే కొత్తగా హఠాత్తుగా వచ్చిన నొప్పికి వ్యాయామం చెప్పే ముందు నేను ఆగుతాను.

సాంద్రత బాగుంది కదా, ఎముక విరగదులే అన్న ధీమా కూడా వద్దు. మోకాలి ఆర్థరైటిస్ ఉన్నవాళ్ళలో ఎముక చిక్కగా ఉన్నా, ఆ మేరకు ఎముకలు విరగడం మాత్రం తగ్గలేదు. మోకాలు ఉన్నట్టుండి లొంగిపోతే పడిపోతారు. తొడ ముందు కండరానికి బలం పెంచడం, బరువు ఎక్కువుంటే తగ్గించడం, ఈ రెండూ ఏ ఇంజెక్షన్ కంటే ఎక్కువమందికి పనికొచ్చాయి. ఒక కిలో తగ్గితే అడుగు వేసిన ప్రతిసారీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

తంగేడు:
అందరికీ ధన్యవాదాలు. రెండే ప్రశ్నలు మిగిలాయి. కాల్షియం ఆపేయమంటారా? ఎంఆర్‌ఐ తీయించాలా?

మధుమాలతి:
కాల్షియం ఉంచాలా వద్దా అన్నది ఎముక విరిగే ప్రమాదం, తిండిలో ఎంత అందుతోంది అన్నవాటిని బట్టి డాక్టరు తేల్చాలి. మోకాలి నొప్పి కోసమైతే దానిమీద ఆశ పెట్టుకోవద్దు. నొప్పి ఏళ్ళుగా మెల్లగా పెరిగినదైతే ఎంఆర్‌ఐతో చికిత్సేమీ మారదు. కానీ కుడి మోకాలు ఎక్కువ నొప్పి అన్నారు కదా. అది ఎప్పటినుంచి ఎక్కువైందో అమ్మగారిని విడిగా అడగండి. ఆవిడ ఒక రోజును గుర్తుపెట్టుకుని చెప్పగలిగితే, ఆ మాట డాక్టరుగారికి తప్పకుండా చెప్పండి.