రాత్రి వండిన బొమ్మిడాయిల పులుసు నెల్లూరులో పొద్దున్నే ఎక్కడ దొరుకుతుంది?

వచ్చే ఆదివారం హైదరాబాద్ నుంచి మా బావ వాళ్లు వస్తున్నారు. ఒక్కరోజులో నెల్లూరు రుచులన్నీ తినిపించాలని నా ఆశ. కారం దోసె, బిర్యానీ, సాయంత్రం మలై కాజా, ఇవన్నీ కుదిరాయి. చేపల పులుసు దగ్గరే ఆగిపోయాను. ట్రంకు రోడ్డులో, మద్రాసు బస్టాండు దగ్గర హోటళ్లలో అడిగితే మధ్యాహ్నం 12 దాటాకే అంటున్నారు. అదీ కొర్రమీనో వంజరమో, అప్పుడే దించింది. టమాటా గుజ్జే తప్ప మామిడికాయ ముక్క కనపడదు. ఆన్‌లైన్‌లో రేటింగు చూసి వెళ్లినచోటా అంతే. రాత్రంతా ఊరి, నూనె పైకి తేలితేనే కదా ముక్కకు పులుపు పట్టేది! ఇంట్లో వండే వీల్లేదు. పొద్దున 9 లోపు, దోసెలోకి రాత్రి పులుసు వేసే హోటల్ గానీ మెస్ గానీ నెల్లూరులో ఎక్కడుందో చెప్తారా?