గ్రాంట్ చెక్కులు ఆగిపోయాయి, ఏ ఫారం కావాలో ఎవరైనా చెప్పండి ప్లీజ్

లాన్‌డేల్ వాలంటీర్:
మధ్యాహ్నం నుంచి ఐఆర్ఎస్ (అమెరికా పన్నుల శాఖ) సైటుతో కుస్తీ పడుతున్నాను, తల పగిలిపోతోంది. షికాగో పశ్చిమాన నార్త్ లాన్‌డేల్, దాన్ని ఆనుకునే లిటిల్ విలేజ్. ఒకటి నల్లజాతివాళ్ళ పేట, రెండోది మెక్సికన్లది. అక్కడి చిన్న చిన్న గ్రూపులకి గ్రాంట్లిచ్చే ప్రోగ్రాంలో పనిచేస్తున్నా. ఎవరికివ్వాలో ఆఫీసువాళ్ళు కాదు, ఆ పేటలవాళ్ళే ప్యానెల్‌గా కూర్చుని తేలుస్తారు. ఇంగ్లిష్, స్పానిష్ రెండింట్లో వాదించుకున్నారు, ఓట్లేశారు, గ్రూపులకి కబురు కూడా చెప్పేశాం. ఇప్పుడు ఫైనాన్స్‌వాళ్ళు ‘కాగితాలు అసంపూర్ణం’ అని ఒక్క ముక్క రాసి చెక్కులు ఆపేశారు. డబ్ల్యూ-9లు (డబ్బు తీసుకునేవాళ్ళు పేరు, పన్ను నంబరు రాసిచ్చే ఫారాలు) అందరివీ ఇచ్చాం. ఇంకేం ఫారం కావాలి?

ఎర్ర సిరా:
డబ్బు ఎవరిది? ఏ కుటుంబమో కంపెనీయో నిధి పెట్టిన ప్రైవేట్ ఫౌండేషనా, జనం విరాళాలతో నడిచే పబ్లిక్ చారిటీనా? తీసుకునే గ్రూపులకి 501(సి)(3), అంటే పన్ను మినహాయింపున్న చారిటీ హోదా, ఉందా?

లాన్‌డేల్ వాలంటీర్:
ఫౌండేషన్ డబ్బండీ. గ్రూపులంటే ఖాళీ స్థలంలో కూరగాయలు పండించేవాళ్ళు, పిల్లలకి బాక్సింగ్ నేర్పే ఆయన, అలాంటివాళ్ళు. ఫారం పేరు చెబితే చాలు.

పాత పటాలు:
ఫారం సంగతి తర్వాత, ఆ పేటల సంగతి తెలుసుకోండి ముందు. లిటిల్ విలేజ్‌కి సిటీ రికార్డుల్లో పేరు సౌత్ లాన్‌డేల్. నార్త్ లాన్‌డేల్‌లో సియర్స్ కంపెనీ హెడ్డాఫీసు ఉండేది. 1970ల్లో అది డౌన్‌టౌన్ టవర్‌కి వెళ్ళిపోయింది, ఉద్యోగాలూ దాని వెనకే పోయాయి. 1966లో మార్టిన్ లూథర్ కింగ్ కాపురం పెట్టింది ఆ పేటలోనే, హామ్లిన్ అవెన్యూలో. బ్యాంకులు నల్లజాతివాళ్ళకి లోన్లు ఇవ్వకపోతే దళారులు ఇళ్ళని కాంట్రాక్టు మీద అమ్మేవారు. వాయిదాలన్నీ తీరేదాకా పట్టా రాదు, ఒక్క వాయిదా తప్పితే ఇల్లూ పోయె, కట్టిన డబ్బూ పోయె. దాని మీదే 1968లో కాంట్రాక్ట్ బయ్యర్స్ లీగ్ పుట్టింది. ఇక లిటిల్ విలేజ్‌లో క్రాఫర్డ్ బొగ్గు కరెంటు ప్లాంటుని జనం పోరాడి 2012లో మూయించారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా రోజుల్లో, దాని చిమ్నీ పేల్చేస్తే ఆ దుమ్మంతా ఇళ్ళ మీదికొచ్చింది. బయటివాళ్ళ నిర్ణయాలకి ఇంత మూల్యం కట్టారు కాబట్టే ఇప్పుడు ‘డబ్బు ఎక్కడికెళ్ళాలో మేమే చెబుతాం’ అంటున్నారు.

ఎర్ర సిరా:
బాగుంది. చెక్కులు?

ట్యాక్సు బావ:
ప్రైవేట్ ఫౌండేషన్ అయితే చిక్కు ఇదీ. చారిటీ హోదా లేని గ్రూపుకి ఇవ్వడం నేరం కాదు, కానీ ఎక్స్‌పెండిచర్ రెస్పాన్సిబిలిటీ అని ఒకటుంది. ఫౌండేషన్ ముందు ఆ గ్రూపు గురించి విచారించాలి, రాతపూర్వక ఒప్పందం రాయించుకోవాలి, ఖర్చు రిపోర్టులు తెప్పించుకోవాలి, అవన్నీ ఏటా ఐఆర్ఎస్‌కిచ్చే తమ 990-పీఎఫ్ రిటర్న్‌లో చూపించాలి. చిన్న గ్రాంట్లకి ఇంత తలనొప్పి ఎందుకని చాలామంది మధ్యలో ఫిస్కల్ స్పాన్సర్‌ని పెట్టుకుంటారు. అంటే 501(సి)(3) ఉన్న ఒక సంస్థ డబ్బు తీసుకుని, పని చేసే గ్రూపుకి అందిస్తుంది. మీకు స్పాన్సర్ ఎవరు?

లాన్‌డేల్ వాలంటీర్:
స్పాన్సర్ ఉన్నారండీ, చెప్పలేదా? చెక్కులు ఆపింది ఆ సంస్థ ఫైనాన్సే. ఫౌండేషన్ వాళ్ళ వాటా ఎప్పుడో పంపేసింది.

ఎర్ర సిరా:
ఇది మొదటి పోస్టులో ఉండాల్సిన మాట.

ట్యాక్సు బావ:
అయితే కథ మారింది. స్పాన్సర్ ఉత్త గొట్టంలా డబ్బు దాటించకూడదు. విచక్షణ, అదుపు తన చేతిలోనే ఉండాలి. కాబట్టి చట్టం దృష్టిలో మీ ప్యానెల్ ఓటు సిఫారసు మాత్రమే, ఆఖరి సంతకం స్పాన్సర్ బోర్డుది. బోర్డు తీర్మానం అయిందా?

గళ్ళ చొక్కా:
ఇదేం న్యాయం బావగారూ? పేటవాళ్ళు రాత్రుళ్ళు కూర్చుని తేల్చింది ఉత్త సిఫారసా? అలాంటప్పుడు దాన్ని కమ్యూనిటీ గ్రాంట్ అని ఎందుకనాలి? సలహా సంఘం అనండి.

ట్యాక్సు బావ:
నా మీద అరవకండి, రూలు నేను రాయలేదు. మార్గం లేకపోలేదు. చట్టవిరుద్ధమైతేనో, ప్యానెల్ సభ్యులకి ఆ గ్రూపుతో సొంత సంబంధం ఉంటేనో తప్ప సిఫారసు తోసిపుచ్చం, తోసిపుచ్చితే కారణం రాసి ఇస్తాం అని బోర్డు ముందే తీర్మానించుకోవచ్చు. అధికారం కాగితం మీద బోర్డుది, వాడకంలో ప్యానెల్‌ది.

గళ్ళ చొక్కా:
వాడకంలో ఎన్నాళ్ళుంటుందో చూద్దాం. 2009లో ఇదే షికాగోలో 49వ వార్డు ఆల్డర్‌మన్ (కార్పొరేటర్) తన వాటా నిధుల్ని జనం ఓటుకి పెట్టాడు, అమెరికాలో అదే మొదలు. అదీ చట్టప్రకారం ఆయన ఇష్టమే, ఆయన మాట మీద నిలబడ్డాడు కాబట్టి నడిచింది.

నల్లకోటు:
దరఖాస్తులో అర్హత ఏమని రాశారు? ‘నల్లజాతి, మెక్సికన్ నివాసులకు మాత్రమే’ అని ఉంటే జాగ్రత్త. అట్లాంటాలో ఫియర్‌లెస్ ఫండ్ అని నల్లజాతి మహిళల వ్యాపారాలకి 20,000 డాలర్ల గ్రాంట్ పోటీ పెట్టేది. ఒప్పందాల్లో జాతి వివక్ష కూడదనే 1866 నాటి పౌరహక్కుల చట్టం కింద కేసు పడింది. బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్ళ కోసం చేసిన చట్టమే. 2024 జూన్‌లో 11వ సర్క్యూట్ (ఫెడరల్ అప్పీళ్ళ) కోర్టు పోటీని ఆపమంది, సెప్టెంబరులో రాజీపడి ఆ పోటీనే మూసేశారు. షికాగో 7వ సర్క్యూట్ కిందికొస్తుంది, ఆ తీర్పు అక్కడ కట్టుబడి తీరాలని లేదు. అయినా లాయర్లు భయపడుతున్నారు. జాతి తీసేసి పేట పేరు రాయండి.

పాత పటాలు:
పేట పేరు రాస్తే సరిపోతుందా? షికాగోలోనే పిల్సెన్ పేట చూడండి, అద్దెలు పెరిగి మెక్సికన్ కుటుంబాలు వెళ్ళిపోతున్నాయి, కొత్త కాఫీ షాపుల అడ్రసూ పిల్సెనే.

నల్లకోటు:
అందుకే ప్యానెల్. అర్హత చిరునామాతో, ఎంపిక పని చూసి. పనిని తూచేది అక్కడే పెరిగినవాళ్ళు.

లాన్‌డేల్ వాలంటీర్:
మా ఫారంలో 60623 జిప్ కోడ్ అని మాత్రమే ఉంది, జాతి లేదు. బోర్డు తీర్మానం కూడా అయింది. ఫైనాన్స్ ఇప్పుడే ఫోన్లో చెప్పారు, కొన్ని డబ్ల్యూ-9లు మనుషుల సొంత పేర్ల మీద, ఐటీఐఎన్‌తో (సోషల్ సెక్యూరిటీ నంబరు రానివాళ్ళకి ఐఆర్ఎస్ ఇచ్చే పన్ను నంబరు) ఉన్నాయట. అదేం తప్పు?

ట్యాక్సు బావ:
అమ్మా, ఇదీ అసలు ముడి! గ్రూపుకి కాక మనిషి పేరు మీద చెక్కు వెళ్తే అది ఆ మనిషి ఆదాయంలా కనిపిస్తుంది. గ్రూపు పేరు మీద ఈఐఎన్ (సంస్థలకిచ్చే పన్ను నంబరు) తీసుకోమనండి. ఫారం ఎస్ఎస్-4, పైసా ఖర్చు లేదు, రిజిస్టర్ కాని సంఘానికీ ఇస్తారు. డబ్బులడిగే సైట్ల జోలికి పోవద్దు. తర్వాత ఆ నంబరుతో బ్యాంకు ఖాతా, కొత్త డబ్ల్యూ-9.

లాన్‌డేల్ వాలంటీర్:
ఆ ఐటీఐఎన్ ఉన్నవాళ్ళు ఇంకో ప్రభుత్వ ఫారంలో పేరు పెట్టడానికే వణికిపోతున్నారండీ. 2025 ఏప్రిల్‌లో ఐఆర్ఎస్‌కీ ఇమ్మిగ్రేషన్ వాళ్ళకీ సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఒప్పందం అయిందిగా, అప్పట్నుంచి.

ట్యాక్సు బావ:
ఆ భయం తీసిపారేసేది కాదు. అలాంటి గ్రూపులకి చెక్కే వద్దు. వాళ్ళ పనిని స్పాన్సర్ తన సొంత ప్రాజెక్టుగా తీసుకుని మట్టి, విత్తనాలు, గ్లవ్స్ బిల్లులు నేరుగా షాపుకి కట్టేయొచ్చు. ఎస్ఎస్-4 అవసరం ఉండదు. పేటవాళ్ళకి స్వతంత్రం కొంత తగ్గుతుంది, ఒప్పుకుంటా.

గళ్ళ చొక్కా:
కొంత కాదు, బాగా. బాక్సింగ్ గ్లవ్స్‌కి కూడా ఆఫీసు రసీదు అడగాలా?

హ్యూస్టన్ పద్మ:
ప్యానెల్ వాళ్ళకి ఇచ్చే గ్రాంట్‌కి 600 డాలర్లు దాటితే 1099 (చెల్లింపుని ఐఆర్ఎస్‌కి చూపే ఫారం) ఇవ్వాలి కదా?

ట్యాక్సు బావ:
అది గ్రాంట్ కాదు, స్టైపెండ్, పనికి ఇచ్చే డబ్బు. 2026 నుంచి చెల్లింపులకి ఆ హద్దు 2,000 డాలర్లు. ఫారం రాకపోయినా ఆదాయం ఆదాయమే, ఆదాయం చూసి ఇచ్చే ఫుడ్ స్టాంపులు (పేదలకి తిండి సాయం) తీసుకునేవాళ్ళకి ముందే చెప్పాలి.

హ్యూస్టన్ పద్మ:
మా స్కూల్ పీటీఏలో (తల్లిదండ్రుల, టీచర్ల సంఘం) గ్రాంట్ అనే అంటాం మరి.

ఎర్ర సిరా:
పీటీఏ వేరు.

లాన్‌డేల్ వాలంటీర్:
సరే, మూడు గ్రూపులు ఎస్ఎస్-4 పెడతామన్నాయి. మిగతావాళ్ళకి బిల్లుల పద్ధతి ఫైనాన్స్‌ని అడిగా, జవాబు రావాలి. థాంక్స్ అండీ.

గళ్ళ చొక్కా:
ఆ స్పాన్సర్ ఫీజు కింద ఎంత శాతం కోసుకుంటున్నారో కూడా అడిగారా?