నర్సింగ్ ప్రాక్టికల్స్‌కి వీఆర్‌లో మార్కులు వేయొచ్చా?

నమస్తే అండీ. నేను బీఎస్సీ నర్సింగ్ కాలేజీలో ట్యూటర్‌ని. ఈసారి ఇంటర్నల్స్‌లో ఓస్కీలో (ఒక్కో స్టేషన్‌లో ఒక్కో పని చేయించి, అందరికీ ఒకే చెక్‌లిస్ట్‌తో మార్కులు వేసే ప్రాక్టికల్ పరీక్ష) రెండు స్టేషన్లు వీఆర్ (వర్చువల్ రియాలిటీ) హెడ్‌సెట్‌తో పెట్టాం. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ ముదిరి ప్రాణం మీదకొచ్చే స్థితి) పేషెంట్‌ని గుర్తుపట్టి, ఎస్‌బార్ పద్ధతిలో (పరిస్థితి, నేపథ్యం, అంచనా, సూచన అనే వరసలో) డాక్టర్‌కి ఫోన్‌లో చెప్పడం బాగానే నడిచింది. చిక్కంతా క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే సన్న గొట్టం) దగ్గరే. కంట్రోలర్ బటన్ నొక్కితే సూది దిగిపోతుంది. చేతికి టోర్నికే పట్టీ బిగించి కట్టాక నరం వేలికి తగలడం, 15 నుంచి 30 డిగ్రీల కోణం, రక్తం కనపడగానే చెయ్యి ఆపడం, ఇవేవీ చేతికి తెలియవు.

వార్డులో మొదటిసారికే లైన్ పెట్టేసే అమ్మాయి, కళ్లు తిరుగుతున్నాయని నాలుగో నిమిషంలోనే హెడ్‌సెట్ తీసేసింది. పొద్దస్తమానం గేములాడే కుర్రాడికి ఫుల్ మార్కులు! 1975లో స్కాట్లాండ్‌లోని డండీలో వైద్య అధ్యాపకుడు హార్డెన్ ఓస్కీ తెచ్చింది అందరికీ ఒకే కొలత ఉండాలనే కదా.

మీ దగ్గర వీఆర్ మార్కులు కలుపుతున్నారా, ప్రాక్టీసు వరకే ఉంచుతున్నారా? ముందుగా హెడ్‌సెట్ అలవాటు చేసుకోవడానికి ఎంత టైం ఇస్తారు? కళ్లు తిరిగేవాళ్లకి బదులుగా ఏం పెడతారు? సాఫ్ట్‌వేర్ ఇచ్చే స్కోరు కాక, పక్కన ఎగ్జామినర్ చెక్‌లిస్ట్ కూడా టిక్ పెడుతున్నారా? వచ్చే నెల రెండో బ్యాచ్ ఉంది, టెన్షన్‌గా ఉంది. ముఖానికి ఆనే స్పాంజిని ఒకరి తర్వాత ఒకరికి ఎలా శుభ్రం చేస్తున్నారో కూడా చెప్పండి, మాది అప్పుడే వాసనొస్తోంది.