గాల్వెస్టన్ క్రూజ్‌లో వైన్: ప్యాకేజీ కొనాలా, సీసాలు పట్టుకెళ్ళాలా?

ఫ్రిస్కో_బాబాయ్
టెక్సాస్‌లోని గాల్వెస్టన్ రేవు నుంచి కార్నివాల్ కంపెనీ ఓడలో 5 రాత్రుల క్రూజ్, మధ్యలో మెక్సికో రేవులు కోజుమెల్, ప్రోగ్రెసో. పెద్దవాళ్ళం నలుగురం, ఒకటే కేబిన్. అమ్మానాన్న చుక్క ముట్టరు. మేమిద్దరం వైన్ మాత్రమే, అదీ రాత్రి భోజనంతో రెండేసి గ్లాసులు. డ్రింక్ ప్యాకేజీ (గ్లాసుకింత కాకుండా రోజుకింత అని కట్టేయడం) కొంటే నిశ్చింత అని కొందరు, శుద్ధ దండగ అని కొందరు. లెక్కతో సహా ఎవరైనా తేల్చండి.

లెక్కల_మాస్టారు
ప్యాకేజీ ధర ఓడని బట్టి, తేదీని బట్టి మారుతుంది. రోజుకి 70 డాలర్లు అనుకోండి. దానిమీద సర్వీస్ ఛార్జీ, కంపెనీని బట్టి 18 నుంచి 20 శాతం. 18 అనుకున్నా 82.60. గ్లాసు వైన్ 13 డాలర్లయితే అదే ఛార్జీతో 15.34. అయిదు గ్లాసులు తాగినా 76.70 దాటదు, ఆరో గ్లాసు నుంచే ప్యాకేజీ గిట్టేది. మీ రెండు గ్లాసులకి 30.68. అంటే మనిషికి రోజుకి దాదాపు 52 డాలర్లు వృథా. పొద్దున్నే రేవులో దిగి సాయంత్రం ఓడెక్కే రోజులకీ అదే రేటు.

అసలు సంగతి ఇది కాదు. ఒక కేబిన్‌లో 21 దాటినవాళ్ళు ఒకరు చీర్స్ (కార్నివాల్ డ్రింక్ ప్యాకేజీ పేరు అదే) కొంటే మిగతా పెద్దలంతా కొనాల్సిందే. ఒకరు కొని నలుగురూ తాగేస్తారని ఆ నిబంధన. మీకు రోజుకి 330.40. మజ్జిగ తాగే అమ్మగారికి కూడా 82 డాలర్లు!

సముద్రంలో_సోమయ్య
మాస్టారి లెక్క తప్పని అనను గానీ, ఒక్క వైన్ గ్లాసుతోనే తూచారు. ప్యాకేజీలో కాపుచినో, కూల్‌డ్రింకులు, నీళ్ళ సీసాలు, మాక్‌టెయిల్స్ కూడా వస్తాయి. తాగని పెద్దవాళ్ళకీ అవి పనికొస్తాయి. చీర్స్‌లో 20 డాలర్ల వరకు ఉన్న గ్లాసేదైనా తీసుకోవచ్చు, కాబట్టి 13 డాలర్ల చప్పటి వైన్‌తో సరిపెట్టుకోనక్కర్లేదు. పైగా భోజనంతో రెండు అని ఇంట్లో అనుకోవడం వేరు, ఓడ మీద రోజంతా నీళ్ళే కనిపించే రోజు వేరు.

లెక్కల_మాస్టారు
కాఫీ 5 డాలర్లు, ఛార్జీతో 5.90 అనుకున్నా, 82 రాబట్టాలంటే మీ నాన్నగారు రోజుకి 14 కప్పులు తాగాలి. నిద్ర సంగతి ఆ పైవాడికే తెలియాలి.

ఇంకోటి, గాల్వెస్టన్ నుంచి బయల్దేరే కార్నివాల్ ఓడల్లో చీర్స్ మొదలయ్యేది రెండో రోజు ఉదయం 6కి. మొదటి సాయంత్రం తాగింది విడిగా కట్టాలి, దాని మీద టెక్సాస్ పన్ను కూడా పడొచ్చు. 24 గంటల్లో 15 మద్యం గ్లాసుల పరిమితి మీకు అడ్డేమీ కాదు.

కేటీ_కోడలు
వైన్ ఒక్కటే తాగేవాళ్ళకి సీసాలు పట్టుకెళ్ళడమే మేలు. కార్నివాల్‌లో 21 దాటిన ప్రతి ఒక్కరూ 750 మి.లీ. సీసా ఒకటి తేవచ్చు, ఎక్కే రోజు మాత్రమే, చేతి సామానులో మాత్రమే. నిబంధన ‘తాగేవాళ్ళకి’ అనలేదు, పెద్దలకి అంది. నలుగురికి నాలుగు సీసాలు. సీసాకి 150 మి.లీ. చొప్పున అయిదు గ్లాసులు, మొత్తం 20. ఇద్దరు, రెండేసి, అయిదు రాత్రులు: అదీ 20. కొలిచి పోసినట్టు సరిపోయింది.

ఖర్చు: కొట్లో 15 డాలర్ల సీసాలు నాలుగు, 60. రెస్టారెంట్‌లో తెరిపిస్తే సీసాకి 15 కార్కేజీ (మనం తెచ్చిన సీసా తెరిచినందుకు రుసుము), ఇంకో 60. మొత్తం 120. అదే ఓడలో గ్లాసుల లెక్కన 306.80. ఓడ సీసా 45 అనుకుంటే ఛార్జీతో నాలుగింటికి 212.40. కేబిన్‌లోనే తెరిస్తే కార్కేజీ కూడా లేదు.

చెడేది ఎక్కడంటే, పోర్టర్‌కి ఇచ్చే పెట్టెలో సీసా పెట్టడం. ఎక్స్‌రేలో కనబడగానే ఆ పెట్టె కేబిన్‌కి రాదు, సెక్యూరిటీ గదిలో ఆగిపోతుంది. సాయంత్రం మీరే వెళ్ళి విడిపించుకోవాలి. బట్టలన్నీ అందులోనే ఉంటే భోజనానికి నిక్కరుతోనే. రెండోది, కారు డిక్కీ. డల్లాస్ నుంచి గాల్వెస్టన్ దాకా వేసవి ఎండలో డిక్కీలో పడుంటే వైన్ వేడెక్కి వ్యాకోచించి కార్క్‌ని పైకి నెడుతుంది, రుచి ఉడికిపోతుంది. సీసాల్ని ఏసీ ఉన్న చోటే, వెనక సీటు కింద పెట్టుకోండి. మరమూత ఉన్న సీసా కొంటే ఓపెనర్ గొడవ కూడా ఉండదు.

ద్రాక్షతోట
కోటా న్యాయమే, కానీ ఎవరి సీసా వారి సంచిలోనే ఉంటే మంచిది. ఒకే సంచిలో నాలుగుంటే సెక్యూరిటీ దగ్గర ప్రశ్నలు, లైను ఆగుతుంది. జపమాల ఉన్న సంచిలో వైన్ సీసా పెట్టమని మీ అమ్మగారిని ఒప్పించగలరా? ముందు అది ఆలోచించండి. ఆవిడ ఇబ్బంది పడితే మీ ఇద్దరి కోటా రెండు సీసాలు, తక్కినవి ఓడలో కొనండి.

అయితే 8 డాలర్ల సీసాకి 15 డాలర్ల కార్కేజీ కట్టడం తెలివితక్కువ. చవకది కేబిన్ బాల్కనీకి ఉంచండి. ఓడ మెనూలో దొరకనిది, దొరికినా మూడింతలు పలికేది బల్ల మీదకి తీసుకెళ్ళండి. కార్కేజీ తెరిచినందుకే కాదు, గ్లాసులకీ, మిగిలినది దాచిపెట్టడానికీ కూడా. సగం మిగిలితే వెయిటర్‌కి ఇచ్చేయండి. కేబిన్ నంబరు రాసి దాచి, మర్నాడు మీ బల్లకే తెస్తారు. మూత బిగించి చల్లగా ఉంచితే రెడ్ రెండు మూడు రోజులు నిలుస్తుంది. కేబిన్‌లో చిన్న ఫ్రిజ్ అంతగా చల్లబరచదు, వైట్‌కి స్టివార్డ్‌ని ఐస్ బకెట్ అడగండి.

సముద్రంలో_సోమయ్య
ఈ హడావుడంతా తప్పించుకోవడానికే కదా ప్యాకేజీ! సెలవుకి వెళ్ళి సీసాలు మోయడం, ఐస్ అడగడం, మూతలు బిగించడం.

కేటీ_కోడలు
నిశ్చింత మంచిదే సోమయ్య గారూ, కానీ వీళ్ళకి దాని ధర నలుగురి మీద పడుతుంది. పంతమే అయితే రెండు కేబిన్లు బుక్ చేసి తాగే ఇద్దరూ ఒకదాంట్లో ఉంటే ప్యాకేజీ ఆ ఇద్దరికే. కేబిన్ ధర తేడా చూసుకోండి మరి.

లెక్కల_మాస్టారు
కార్నివాల్ పద్ధతి వేరే కంపెనీకి అతికించొద్దు. నార్వేజియన్‌లో సీసాలకి లెక్క లేదు, కానీ ఎక్కేటప్పుడే 750 మి.లీ. సీసాకి 15 కట్టించుకుంటారు, కేబిన్‌లో తాగినా సరే. రాయల్ కరేబియన్‌లో మనిషికి ఒక సీసా. బుక్ చేసే ముందు ఆ ఓడ పేజీలో ఇవాళ్టి నిబంధన చదవండి, పాత పోస్టులు కాదు.

హైదరాబాద్_కార్డు
డబ్బు కట్టే దగ్గర కూడా పోతుంది. ఓడలో నగదు చెల్లదు, అంతా కేబిన్ కార్డు ఖాతాలోకే. దానికి డెబిట్ కార్డు జోడించకండి. రోజువారీ అంచనా ఖర్చుకి బ్యాంకులో ఆ సొమ్ము ఆపి (హోల్డ్) పెడతారు, దిగాక అది తొలగడానికి రోజులు పడుతుంది. నాన్నగారి ఇండియా క్రెడిట్ కార్డు అయితే చాలావాటికి 3.5 శాతం ఫారిన్ మార్కప్, దానిమీద 18 శాతం జీఎస్టీ, కలిపి 4.13. 212 డాలర్ల వైన్ బిల్లుకి సుమారు 8.75 అదనం. అమెరికా క్రెడిట్ కార్డు జోడించండి.

బిల్లు చీటీలో సర్వీస్ ఛార్జీ ముందే కలిసి ఉంటుంది. దాని కింద ‘అడిషనల్ టిప్’ అని ఖాళీ గీత. మొహమాటపడి దాంట్లో మళ్ళీ 18 శాతం రాసేస్తే రెండుసార్లు ఇచ్చినట్టే. గీత కొట్టి, మొత్తం మీరే రాసి సంతకం చేయండి. ఖాతా ప్రతి రాత్రీ యాప్‌లో చూసుకోండి. చివరి ఉదయం గెస్ట్ సర్వీసెస్ లైన్‌లో తప్పు దిద్దించుకోవాలంటే మీ దిగే వంతు దాటిపోతుంది.

ద్రాక్షతోట
కోజుమెల్‌లో సీసా కొని ఓడలో తాగుదామనుకోకండి. ఎక్కేటప్పుడు తీసుకుని చివర్లోనే ఇస్తారు. 21 దాటిన మనిషికి లీటరు వరకు కస్టమ్స్ సుంకం లేకపోయినా, గాల్వెస్టన్ టెర్మినల్‌లో టెక్సాస్ మద్యం శాఖ వాళ్ళు రాష్ట్ర పన్ను, రుసుము వసూలు చేస్తారు. సామాను తీసుకుని కార్ పార్క్ వైపు నడిచే దారిలోనే వాళ్ళ కౌంటర్. కొన్న రసీదు చేతిలో ఉంచుకోండి.