అప్‌డేట్: నేను ఆఫీసులో ఉండగా అమ్మకి ఏమైనా అయితే

గచ్చిబౌలిలో నేను డ్యూటీలో ఉన్నప్పుడు, ఎల్‌బీ నగర్‌లో ఒంటరిగా ఉండే అమ్మకి ఏమైనా అయితే ఎలా అని వానాకాలం ముందు అడిగాను కదా. మీరు చెప్పినట్టే రెండో తాళంచెవి ఎదురింటి పిన్నిగారికిచ్చాను. ఫ్రిజ్ మీద 108, 112, గ్యాస్ లీకైతే 1906 అని పెద్దగా రాసి అంటించాను. కింద అమ్మ మాత్రల పేర్లు.

మొన్న కుండపోత వానలో ట్రాఫిక్‌లో ఇరుక్కుపోయాను. అప్పుడే అమ్మ ఫోన్, కళ్ళు తిరుగుతున్నాయని. పిన్నిగారు తాళం తీసి వెళ్లి షుగర్ చూస్తే 62. వెంటనే గ్లూకోజ్ నీళ్లు పట్టించారు. పావుగంటకి 94. ఆ పావుగంటా నేను ఫోన్ పెట్టలేదు.

పవర్ బ్యాంక్ ఎప్పుడూ బ్యాగులో ఉంచమన్నవారికి చాలా థ్యాంక్స్, అప్పటికి నా ఫోన్‌లో 4 శాతమే ఛార్జింగ్ ఉంది. టెస్ట్ స్ట్రిప్పులు రెండే మిగిలాయట, ఇవాళ కొత్త డబ్బా తెచ్చాను.